ఏడో బురుజు మౌనం

మోర్‌కడా కోట మీద, ఏడో బురుజు పక్కన, ఒక దిడ్డి ఉంది. మనిషి నడుం వంచి దూరేంత చిన్న వాకిలి. తలుపు ఎప్పుడో పోయింది… రాతి చట్రం ఒక్కటే మిగిలింది.

పొద్దుగూకాక అక్కడ ఎవరు పిలిచినా వెంటనే పలకకూడదు.

తెలియని గొంతైతే ఫరవాలేదు, దారి తప్పినవాడు అనుకోవచ్చు. మన ఇంటివాళ్ల గొంతైతేనే పలకకూడదు.

ఇప్పుడు ఆదివారాలు పుణె నుంచీ ముంబయి నుంచీ కోట చూడడానికి జనం వస్తున్నారు. మొదట మాళ్ చూస్తారు. మాళ్ అంటే కోట పైన చదునుగా ఉన్న మైదానం, యుద్ధం జరిగింది అక్కడే. కూలిన ధాన్యపు కొట్లు, రాతిలో తొలిచిన నీళ్ల తొట్లు, భైరోబా గుడి చూస్తారు. చివరికి ఆ దిడ్డి చట్రంలో నిలబడి ఫొటోలు తీసుకుంటారు. అవతల అంతా లోయే. వాన వెలిసిన రోజున పడమటి అంచున సముద్రం సన్నటి జరీలా మెరుస్తుంది. చూడదగ్గదే, కాదనను.

"సూర్యాస్తమయం అక్కడినుంచే చూస్తాం పిన్నిగారూ" అంటారు, మా ఇంట్లో రాగిరొట్టె, శనగపిండి పిఠ్లా తింటూ.

"మాళ్ మీదనుంచి చూడండి నాయనా. సూర్యుడు అక్కడా అస్తమిస్తాడు" అంటాను.

నవ్వుతారు. నవ్వనీ.

ఇది నేను కాపురానికి వచ్చిన మూడో ఏడు మా అత్తగారు రఖమాబాయి నాకు చెప్పింది. పొయ్యి ముందు కూర్చుని, నిప్పు వంక చూస్తూ, చాలా మెల్లగా చెప్పింది. ఇంటి గుట్టు అనీ, నోరు దాటనివ్వకనీ ఒట్టు వేయించుకుంది. ఇప్పుడు ఆవిడ లేదు, మా మామగారు నివృత్తి లేరు, ఆయన తమ్ముడు సోపాన్… ఆయనా వెళ్లిపోయాడు. ఇంక ఎవరిని కాపాడడానికి దాచాలి? ఒట్టు తప్పినందుకు భైరోబా నన్నే అడగనీ.

మూడొందల ఏళ్ల కిందటి మాట. శత్రువుల దండు కోట చుట్టూ రెండు నెలలు కూర్చుంది. కోటలో గింజలు ఉన్నాయి, నీళ్లు ఉన్నాయి, లొంగే పని లేదు. మార్గశిర అమావాస్య రాత్రి ఆ దిడ్డి తలుపు లోపలినుంచి తెరుచుకుంది. తెల్లారేసరికి మాళ్ మీద మూడొందల మంది తెగి పడి ఉన్నారు.

ఏడో బురుజు కావలివాడి పేరు హైబతి. అతని శవం దొరకలేదు. శవం దొరకలేదు కాబట్టి తలుపు తీసింది అతనే అన్నారు.

మాది ఆ హైబతి ఇల్లు.

అప్పట్లో ఏటా ఆ అమావాస్యకి ఊరంతా కోట ఎక్కేది. ఏడు బురుజులకీ ఏడు ఇళ్లు. దీపాలు పెట్టే వేళ మొదటి బురుజు మీదనుంచి ఊరిపెద్ద పాటిల్ ఇంటివాడు "హుషార్" అని కావలి కేక పెట్టేవాడు. రెండో బురుజు అందుకునేది, తరవాత మూడోది… కేక గోడ చుట్టూ తిరుగుతూ ఆరో బురుజు దాకా వచ్చేది.

ఏడో బురుజు పలికేది కాదు.

ఆ మౌనంలో అందరూ వచ్చి దిడ్డి పక్కన తలా ఒక రాయి వేసేవారు. మొదటి రాయి పాటిల్ ఇంటిది. తెల్లవారుజామున మళ్లీ కేకలు, మళ్లీ ఆ మౌనం. రాళ్ల గుట్ట మనిషి ఎత్తు దాటింది. మా ఇంట్లో బిడ్డ పుడితే "ద్రోహి చెట్టుకి ఇంకో కొమ్మ" అనేవారట. మా పొయ్యిలో నిప్పు కూడా అడిగేవారు కారు. భైరోబా పల్లకీ మా గడప ముందు ఆగేది కాదు. పల్లకీ ముందు కాగడా పట్టే గౌరవం సంగతి సరేసరి.

దీనికి విడుదల ఒకటే. ఆ ఇంటి మనిషి పన్నెండేళ్లు వరసగా, ఆ రాత్రంతా దిడ్డికి వీపు పెట్టి, కోట లోపలికి ముఖం పెట్టి కూర్చోవాలి. నోట్లో గులకరాయి ఉంటుంది. లేవకూడదు, తిరగకూడదు, పలకకూడదు. ఏదో ఒకటి తప్పితే మళ్లీ మొదటి ఏడాదే. మొక్కుకున్నవాడు కూర్చోవాలి, లేదంటే అతని భార్య. మూడోవాళ్లు పనికిరారు.

మా ఇంట్లో అంతకుముందు ముగ్గురు కూర్చున్నారు. నాలుగేళ్లు దాటినవాళ్లు లేరు. ఒకాయన చచ్చిపోయిన తల్లి గొంతు విని "అమ్మా" అన్నాడట… గులకరాయి నోట్లోంచి జారి పడిందట.

మా మామగారు పదకొండేళ్లు కూర్చున్నారు.

పన్నెండో ఏడు, అమావాస్యకి రెండు రోజుల ముందు, ఆయనకి చలిజ్వరం పట్టుకుంది. మూడు గొంగళ్లు కప్పినా మంచం ఊగిపోతోంది. గుడి పూజారి ధోండూ గురవ్ వచ్చి నాడి చూసి, బయట అరుగు మీద కూర్చున్నాడు. పాటిల్ దౌలత్‌రావు కూడా వచ్చాడు. పలకరింపు వంకతో.

"పాపం నివృత్తి. ఇంకో పన్నెండేళ్లు ఓపిక పట్టాలి" అన్నాడు పాటిల్.

మా అత్తగారు తలుపు చాటునుంచి బయటికి వచ్చింది. "నేను కూర్చుంటాను గురవ్ బాబా."

పాటిల్ నవ్వాడు. "ఆడమనిషి రాత్రంతా నోరు మూసుకుని కూర్చోవడమా? రఖమాబాయీ, అది భైరోబా కూడా అడగడు."

"నేను ఈ ఊరికి వచ్చి పదిహేనేళ్లయింది పాటిల్ గారూ. మీరందరూ అన్నవి వింటూ నోరు మూసుకునే ఉన్నాను. ఒక రాత్రి ఎక్కువవుతుందా?"

గురవ్ గడ్డం నిమురుకున్నాడు. "భార్య కూర్చోవచ్చు. పద్ధతిలో ఉంది" అన్నాడు.

పాటిల్ లేచాడు. పోతూ పోతూ సోపాన్ భుజం మీద చెయ్యి వేసి వీధి చివరిదాకా తీసుకెళ్లాడు. మా అత్తగారు అది చూసింది. జ్వరం గురించి అడుగుతున్నాడేమో అనుకుంది.

సోపాన్ అంటే ఆవిడకి కొడుకు లాంటివాడు. ఆవిడ కాపురానికి వచ్చినప్పుడు వాడికి ఏడేళ్లు. జల్లెడలో పిండి జల్లిస్తుంటే పక్కన కూర్చుని పిండితో ఏనుగులు చేసేవాడట. ఆ సాయంత్రం కొండ ఎక్కబోతూ వాడినే పిలిచింది.

"అన్న దగ్గరనుంచి కదలకు. కషాయం పొయ్యి మీద ఉంది. తాగనంటే ముక్కు మూసి పొయ్యి."

"నువ్వు నిశ్చింతగా వెళ్లు వదినా" అన్నాడు. ఆవిడ కాళ్లకి దండం పెట్టాడు కూడా.

దీపాల వేళకి కేకలు తిరిగాయి. ఆరో బురుజు దగ్గర ఆగాయి. రాళ్లు పడ్డాయి… ఆవిడ పక్కనించే, ఒక్కొక్కటీ. గురవ్ గులకరాయి నోట్లో పెట్టాడు. జనం దిగిపోయారు. కాగడాలు మెట్ల మలుపులో ఒక్కొక్కటే ఆరిపోయినట్టు మాయమయ్యాయి.

ఎదురుగా మాళ్. దాని చివర భైరోబా గుడిలో ఒక్క ప్రమిద.

వెనక దిడ్డి. దాని వెనక గాలి.

మొదటి జాము ఏమీ లేదు. ఎండుగడ్డి గీసుకుంటున్న చప్పుడు… ఎక్కడో ఒక తీతువు. ఆవిడ విఠోబా పేరు లోపల్లోపల చెప్పుకుంటూ కూర్చుంది. గులకరాయి నాలుక మీద వెచ్చబడింది.

రెండో జాములో గుడి ప్రమిద కొండెక్కింది. అంతా చీకటి. తన చెయ్యి తనకి కనపడలేదు.

అప్పుడు… వెనక, దిడ్డి అవతల, కిందినుంచి… రాయి దొర్లింది.



అడుగులు కావు. ఏదో పాకుతున్నట్టు, పొదలు పట్టుకుని పైకి వస్తున్నట్టు. అటునుంచి దారి లేదు. వాక్కాయ ముళ్ల మధ్య మేకలు ఎక్కే జాడ ఒకటుంది, అంతే.

చప్పుడు ఆగింది.

"వదినా…"

సోపాన్ గొంతు.

"వదినా, లే. అన్నయ్యకి ఎక్కువైంది."

ఆవిడ నోట్లో రాయి పళ్లకి కొట్టుకుంది. కంచు గిన్నె మోగినట్టు తలంతా మోగిందట.

"నీ పేరే కలవరిస్తున్నాడు వదినా. కళ్లు తేలేశాడు. వస్తే ఇప్పుడే రా… ఆఖరి చూపు…"

ఆ గొంతులో వణుకు కూడా వాడిదే. చిన్నప్పుడు జ్వరమొస్తే నీళ్లడిగే వణుకు. ఆవిడ అరచేతులు నేలకి ఆనించింది, లేవడానికే. మోకాలు పైకి లేచింది. ఇంటివాళ్ల గొంతే వస్తుందన్నారు కదా… అదే ఇది. అదే అయి ఉండాలి. కాకపోతే? నిజంగా వాడే అయితే, అక్కడ మంచం మీద ఆయన…

పదకొండేళ్లు. చలిలో, మంచులో ఆయన కూర్చున్న పదకొండు రాత్రులు. తన పిల్లల్ని కొమ్మలని పిలిచిన నోళ్లు.

ఆవిడ మోకాలు మళ్లీ నేలకి దించింది. కొంగు నోట్లో కుక్కుకుంది, రాయితో సహా.

"వదినా" అని ఆ గొంతు మూడోసారి పిలిచింది. తరవాత పొదలు కదిలాయి. చప్పుడు కిందికి పోయింది.

ఆవిడకి ఏడుపు ఆగలేదు. చప్పుడు చెయ్యకుండా ఎలా ఏడవాలో ఆ రాత్రి నేర్చుకున్నానంది నాతో.

ఎంతసేపైందో తెలియదు. చలి పెరిగింది. తెల్లవారే ముందు వచ్చే చలి కాదు, బావిలోకి వంగితే ముఖానికి తగిలే చలి.

ఈసారి రాళ్లు దొర్లలేదు. పొదలు కదలలేదు. సరిగ్గా ఆవిడ వీపు వెనక, చట్రం అవతల… ఎవరో కూర్చున్నారు. వీపుకి వీపు ఆనించి కూర్చుంటే తెలిసినట్టు తెలిసింది.

గుసగుస. ఎండిన గొంతు. దానికి వయసు లేదు, మనిషి లేడు.

"తమ్ముడి గొంతు… చలేస్తోందన్నాడు… తలుపు తియ్యమన్నాడు…"

ఆగింది.

"తీశాను. తమ్ముడే కదా…"

ఆవిడ కళ్లు గట్టిగా మూసుకుంది.

"ఒక్కసారి… నువ్వైనా… ఊఁ అను."

ఆవిడ అనలేదు.

వెనక ఆ ఏడుపు చాలాసేపు సాగింది. మగవాడి ఏడుపు. తూర్పున బూడిదరంగు వచ్చేదాకా సాగి, మధ్యలో తెగిపోయింది.

ఇది దెయ్యమే, ఇంక సందేహం లేదు అనుకుంది. అనుకోగానే గుండె తేలికపడిందట. రెండోది దెయ్యమైతే మొదటిదీ దెయ్యమే. అంటే ఆయన క్షేమం.

మంచులోంచి పల్లకీ వస్తోంది. డప్పు, గంట. ముందు కాగడా. ఆ కాగడా పట్టుకున్నది ఎవరో ఆవిడకి వెంటనే అర్థం కాలేదు. పల్లకీ ముందు కాగడా ఎప్పుడూ పాటిల్ ఇంటి కుర్రాళ్లదే.

సోపాన్.

పల్లకీ వెనక వస్తున్న పాటిల్ ఆవిడని చూశాడు. కూర్చున్నచోటే కూర్చుని ఉన్న ఆవిడని. చూసి, సోపాన్ వంక తిరిగాడు… చెప్పిన పని చెడగొట్టిన పాలేరు వంక తిరిగినట్టు.

ఆవిడ చూపు మరిది కాళ్ల మీద పడింది. పిక్కల నిండా ఎర్రటి గీతలు. మడమ పైన ఒక ముల్లు విరిగి అలాగే ఉంది, చుట్టూ వాక్కాయ పాలు నల్లగా గడ్డకట్టి. కోట మెట్ల దారిలో వాక్కాయ మొక్క ఒక్కటీ లేదు.

ధోండూ గురవ్ చెయ్యి చాచాడు. ఆవిడ గులకరాయి ఆయన అరచేతిలో ఉమ్మింది.

"లేచావా?"

తల అడ్డంగా ఊపింది.

"తిరిగావా? పలికావా?"

మళ్లీ ఊపింది.

"ఎవరైనా పిలిచారా తల్లీ?"

"పిలిచారు."

"ఎవరి గొంతు?"

కాగడా మంట ఒక్కటే చిటపటలాడుతోంది. సోపాన్ నేల చూస్తున్నాడు.

మా అత్తగారు ఎప్పుడూ అబద్ధమాడలేదు. ఆ రోజూ ఆడలేదు.

"మా మరిది గొంతు" అంది.

ఆడవాళ్లు చెంపలు వేసుకున్నారు. "చూశావటే, అచ్చం ఇంటివాళ్ల గొంతే తెచ్చుకుంటుంది" అని ఒకరు. "సోపాన్ గొంతుతో వచ్చిందట, అమ్మ బాబోయ్" అని ఇంకొకరు. ఆ ఉదయంనుంచే ఈ దిడ్డి పేరు చుట్టుపక్కల నలభై ఊళ్లకి పాకింది. మీరు వినే దెయ్యం కథలన్నీ అక్కడినుంచి వచ్చినవే. ఆవిడ ఇంకొక్క మాట కలిపితే చాలు, దెయ్యం కాదు, వీడేనని. కలిపితే పాటిల్ ఇంటి పరువు పోయేది. దానికంటే ముందు మా ఇంటిది పోయేది… ద్రోహి ఇంట్లో మళ్లీ ద్రోహి పుట్టాడని.

అందుకని నోరు మూసుకుంది. రాత్రి గులకరాయి ఉంది. పగలు అదీ లేకుండానే.

"రాళ్లు తీయండి" అన్నాడు గురవ్. "ఏడో బురుజు ఈ పొద్దున పలుకుతుంది."

నివృత్తి మంచం మీద ఉన్నాడు కాబట్టి కేక వెయ్యాల్సింది ఇంట్లో రెండో మగవాడు. సోపాన్‌ని బురుజు ఎక్కించారు. ఎవరో భుజం తట్టారు, ఎవరో మెడలో బంతిపూల దండ వేశారు.

మొదటి బురుజు… పాటిల్ కేక బొంగురుగా వచ్చింది. రెండు. మూడు. మంచులోంచి ఒక్కొక్కటీ దగ్గరవుతూ… నాలుగు. అయిదు. ఆరు.

సోపాన్ నోరు తెరిచాడు.

ఏమీ రాలేదు.

జనం చూస్తున్నారు. మూడొందల ఏళ్లుగా అలవాటైన మౌనమే అది, కానీ ఆ పూట ఎవరికీ భరించడం చేతకాలేదు. సోపాన్ గొంతు దగ్గర నరాలు ఉబ్బాయి. దండలో పూలు వణికాయి.

"హుషార్."

కింద, దిడ్డి పక్కనుంచి, మా అత్తగారు వేసింది ఆ కేక. రాత్రంతా వాడని గొంతు… గోడల వెంట పోయి లోయలో పడి తిరిగి వచ్చిందట. ఆడది కేక వెయ్యకూడదని ఎవరికీ గుర్తు రాలేదు.

ఇంటికి వచ్చేసరికి మామగారు దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. జ్వరం దిగింది. "రాత్రి దాహమై తమ్ముణ్ణి పిలిచాను, పలకలేదు. నిద్రపోయాడేమో పాపం" అన్నారు. సంగతి విని చంటిపిల్లాడిలా ఏడ్చారు. సంతోషంతో.

ఆ సాయంత్రం పశువుల కొట్టంలో సోపాన్ ఒక్కడూ గడ్డి వేస్తుంటే ఆవిడ సూది, దీపం పట్టుకుని వెళ్లింది.

"కూర్చో. కాలు ఇటు పెట్టు."

వాడు కూర్చున్నాడు. ఆవిడ వాడి మడమ ఒళ్లో పెట్టుకుని ముల్లు చుట్టూ సూదితో తవ్వింది.

"నొప్పిగా ఉందా?"

"లేదు వదినా."

"కాగడా బరువుగా ఉందా మరి?"

వాడు కాలు లాక్కోబోయాడు. ఆవిడ వదల్లేదు.

"పాటిల్ ఏడాదికోసారి కాగడా ఇస్తానన్నాడు వదినా… నాకు ఒక్కడికీ. మన ఇంట్లో ఎవరూ పట్టుకోలేదు కదా. నువ్వు లేచి వచ్చేస్తే చాలన్నాడు. అన్నకి ఎక్కువైందంటే ఏ ఆడది ఆగుతుంది అన్నాడు."

"ఆగలేదురా. నా ప్రాణం నీ వెనకే ఇంటికి వచ్చేసింది. ఒళ్లు ఒక్కటీ అక్కడ కూర్చుంది."

వాడు మోచేతిలో ముఖం దాచుకున్నాడు.

"నిన్ను క్షమించమని భైరోబానే అడుగుతాను, నాకు చేతకాదు. కానీ సోపాన్… అది చాలక మళ్లీ రెండోసారి ఎందుకు వచ్చావు? తమ్ముడి గొంతు విని తలుపు తీశాననీ, ఊఁ అనమనీ… తెల్లవార్లూ ఆ ఏడుపు ఎందుకు? చచ్చినవాడితో కూడా వేళాకోళమేనా?"

సోపాన్ ముఖం పైకెత్తాడు. దీపం వెలుగులో ఆ ముఖం సున్నం కొట్టినట్టుందట.

"రెండోసారా?"

"మరి?"

"నేను మూడుసార్లు పిలిచి వెనక్కి తిరిగాను వదినా. మళ్లీ అటు పోలేదు. పోయే ధైర్యం…" కొట్టం తలుపు వంక చూశాడు. "దిగుతుంటే దారికి అడ్డంగా ఒకడు కూర్చుని ఉన్నాడు. పొదల మధ్య. పైకి పోతూ ఆగి కూర్చున్నట్టున్నాడు… చాలాసేపు నన్ను దాటనివ్వలేదు."

ఆవిడ చేతిలో సూది ఆగిపోయింది.

"నువ్వు ఎవరి తమ్ముడివి అని అడిగాడు."

కొట్టంలో ఎద్దు నెమరు వెయ్యడం మానేసింది.

"మళ్లీ అడిగాడు. మళ్లీ. చెపితేగానీ పోనివ్వనన్నాడు…"

"చెప్పావా?" అంది ఆవిడ, గుసగుసగా.

"అన్న పేరు… ఎంతకీ నోటికి రాలేదు వదినా."